లియొనార్డో చూస్తే నవ్వేవాడా?

ప్రశ్న: రెండేళ్లుగా టాబ్లెట్ మీద, క్రిటా అనే సాఫ్ట్‌వేర్‌లో బొమ్మలు వేస్తున్నాను. మా నాయనమ్మ దీపం పట్టుకుని నిలబడ్డట్టు ఈ మధ్య ఒకటి వేశాను. చిన్నప్పుడు నాకు బొమ్మలు నేర్పిన డ్రాయింగ్ మాస్టారికి చూపిస్తే, "ఇది ఒళ్లు వంచనివాళ్ల పని. లియొనార్డో డావిన్సీ బతికుంటే చూసి నవ్వేవాడు" అనేశారు. ఆ కాలపు మహానుభావులు నిజంగా ఏమనేవారు? ఇంకో సంగతి. మాస్టారి మాట ఎలా ఉన్నా, ముఖం ప్లాస్టిక్ బొమ్మలా వచ్చిందని నాకే తెలుస్తోంది. ఎంత నునుపు చేస్తే అంత పాడవుతోంది. ఫైల్ జత చేశాను. - ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: మీ మాస్టారి మాట కొత్తదేం కాదు. రోములో సిస్టీన్ చాపెల్ గోడ మీద 'అంతిమ తీర్పు' వేయాల్సి వచ్చినప్పుడు, సెబాస్టియానో డెల్ పియోంబో అనే చిత్రకారుడు ఆ గోడను నూనె రంగులకు అనువుగా సిద్ధం చేయించాడు. మైకెలాంజెలో ఆ పూతంతా గీకించేసి, మళ్లీ సున్నం పెట్టించి, తడి గోడ మీదే వేశాడు. 1536లో మొదలైన ఆ పని 1541లో పూర్తయింది. నూనె రంగులు ఆడవాళ్లకూ, సెబాస్టియానో లాంటి సోమరులకూ పనికొస్తాయని అప్పుడు మైకెలాంజెలో అన్నాడని, చిత్రకారుల జీవిత చరిత్రలు రాసిన వసారి చెప్పాడు. ఆడవాళ్ల సంగతి ఎత్తినందుకు ఆయనకు మీరు విడిగా జవాబు చెప్పుకోండి. ఇవాళ 'అసలైన కళ' అనగానే మనకు గుర్తొచ్చే నూనె రంగులే ఆ రోజున తేలిక పని కింద లెక్క. ఆడలేక మద్దెల ఓడు అనడం మనకు తెలుసు. ఇక్కడ బాగా ఆడినా పేరు మద్దెలకే పోతోంది.

లియొనార్డో నవ్వేవాడు కాదు. బొమ్మ కన్నా ముందు టాబ్లెట్ చేతిలోకి తీసుకుని, వెనక్కి తిప్పి, మూత ఎలా ఊడుతుందో చూసేవాడేమో. కొత్త సాధనం కనబడితే ఆగలేని మనిషి ఆయన. ఆ తొందరకు మూల్యమూ చెల్లించాడు. మిలాన్‌లో 1495 నుంచి 1498 దాకా వేసిన 'చివరి విందు'ను తడి సున్నం మీద కాకుండా పొడి గోడ మీద వేశాడు. నిదానంగా, పదే పదే దిద్దుకుంటూ వేయాలని ఆశ. రంగు గోడలోకి ఇంకక ఆయన బతికుండగానే పెచ్చులు లేవడం మొదలైంది.

అయితే సాధనం గురించి ఆయన తీర్పును మనం ఊహించుకోనక్కర్లేదు, ఆయన రాతల్లోనే ఉంది. ఎదుటి దృశ్యాన్ని గాజు పలక మీద గీసుకుని కాగితం మీదకు దించుకునే అలవాటు అప్పటికే ఉంది. అల్బెర్టి అనే ఇటలీ పండితుడు 1435లోనే, దారాలతో గళ్లు పెట్టిన పల్చటి తెరలోంచి చూసి గీసుకోమని రాశాడు. అంటే ఫోటో మీద ట్రేస్ చేయడానికి తాతలాంటిది. లియొనార్డో దాన్ని నిషేధించలేదు. అది లేకుండా వేయగలిగినవాళ్లు శ్రమ తగ్గించుకోవడానికి వాడుకుంటే తప్పులేదన్నాడు. అది లేకపోతే చెయ్యి ఆడనివాళ్లు మాత్రం సోమరితనంతో తమ బుద్ధిని తామే పాడుచేసుకుంటున్నట్టు అన్నాడు. 'దేనితో వేశావు' అన్నది ఆయన ప్రశ్న కాదు, 'అది తీసేస్తే వేయగలవా' అన్నది. మీ మాస్టారి కోపంలో ఉన్న న్యాయం కూడా ఇంతవరకే.

ఈ ప్రశ్నకు జవాబు మీరే తేల్చుకోవచ్చు, దానికి పరీక్ష కూడా లియొనార్డోదే. ఒక వస్తువును చూస్తూ, మనసులో నిలిచిందనిపించేదాకా చాలాసార్లు గీయమన్నాడు. తర్వాత చూడకుండా గీయాలి. గాజు మీద దించిన అసలు గీతను దాని మీద పెట్టి, ఎక్కడెక్కడ తేడా వచ్చిందో చూసుకోవాలి. క్రిటాలో ఇది 20 నిమిషాల పని. ఒక లేయర్‌లో, అంటే ఒకదాని మీద ఒకటి పరిచే పొరల్లో ఒకదానిలో, చెయ్యి ఫోటో పెట్టి దాని గీతను ట్రేస్ చేసి దాచేయండి. రెండో లేయర్‌లో ఫోటో చూస్తూ 3 సార్లు గీయండి. ఫోటో మూసేసి, మూడో లేయర్‌లో గుర్తున్నట్టు గీయండి. ఇప్పుడు దాచిన ట్రేసింగ్‌ను 30 శాతం ఒపాసిటీతో, అంటే పల్చగా, పైకి తెచ్చి చూడండి. తప్పులు ఒక్కో రోజు ఒక్కో చోట రావు. కొందరికి ఎప్పుడూ వేళ్లు పొట్టి అవుతాయి, కొందరికి కళ్లు పైకి పోతాయి. వారం రోజుల ఫైళ్లు పక్కపక్కన పెడితే మీ చెయ్యి ఎటు జారుతోందో పట్టుబడుతుంది.

ఇక మీ బొమ్మ. మాస్టారి విమర్శ కన్నా మీ విమర్శే సరైనది. ముఖం ప్లాస్టిక్‌లా ఉంది, దానికి కారణాలు మూడు. మొదటిదానికి బ్రష్‌తో అసలు సంబంధమే లేదు.

అది వెలుగు. దీపం నాయనమ్మ చేతిలో, ఛాతీ ఎత్తున ఉంది. అంటే వెలుగు కింది నుంచి పైకి వస్తోంది. గడ్డం అడుగు, ముక్కుపుటాల అడుగు, పైరెప్పల అడుగు వెలగాలి. కనుబొమల పైన, చెంప ఎముక పైన నీడ పడాలి. మీరు ముక్కు కింద నీడ వేశారు, అది పగటి ఎండ నీడ. మీరు చూసి వేసిన ఫోటో పగలు తీసిందై ఉంటుంది, దీపం మీరు తర్వాత పెట్టి ఉంటారు. నీడల మీద లియొనార్డో నోటు పుస్తకాల్లో పేజీలకు పేజీలు పటాలున్నాయి. ఈ ముక్కు దగ్గరే ఆయన ఆగిపోయేవాడు.

వెలుగు ఎంత ఉండాలో కూడా లెక్క ఉంది. చిన్న దీపం వెలుగు దూరం వర్గానికి తగ్గట్టు పడిపోతుంది. వేళ్లు మంటకు 15 సెంటీమీటర్లు, ముఖం 45 సెంటీమీటర్లు ఉన్నాయనుకోండి. మూడింతల దూరం కాబట్టి ముఖానికి చేరేది తొమ్మిదో వంతు. వేళ్ల చర్మం 0 నుంచి 255 కొలతలో 240 ఉంటే, అదే చర్మం ముఖం మీద 90 దగ్గరకు రావాలి. బొమ్మలో అంత చీకటి పెడితే ముఖమే కనబడదు కాబట్టి 120 దగ్గర ఆపండి. మీ ఫైల్‌లో రెండూ 200 చుట్టూ ఉన్నాయి. అందుకే దీపం వెలుగుతున్నట్టు లేదు, పసుపు రంగు స్టిక్కర్ అతికించినట్టుంది.

ఈ తప్పు మీకు కనబడకపోవడానికి కారణం రంగు. నలుపు తెలుపుల్లోకి మార్చి చూసుకోవాలి, ఆ మార్చడంలోనూ ఒక మోసం ఉంది. క్రిటాలో రంగు తీసేసే డీశాచురేట్ ఫిల్టర్ తెరిస్తే 'లైట్‌నెస్' అని ఉంటుంది. దాంతో మారిస్తే స్వచ్ఛమైన పసుపూ, స్వచ్ఛమైన నీలమూ రెండూ 128 దగ్గర ఒకే బూడిద రంగవుతాయి. కంటికి అవి ఒకటేనా? 'ల్యూమినాసిటీ' అన్నది ఎంచుకుంటే పసుపు 220 దాటుతుంది, నీలం 30 లోపు ఉంటుంది. నాయనమ్మ పసుపు చీర, నీలం అంచు మీకు ఏ లెక్కలో కనిపించాయో దీన్నిబట్టి చూసుకోండి. ప్రతిసారీ ఫిల్టర్ వేసి తీయడం విసుగు కాబట్టి, అన్నిటికన్నా పైన ఒక లేయర్‌ను నలుపుతో నింపి, బ్లెండింగ్ మోడ్ (కింది పొరలతో కలిసే తీరు) 'కలర్' పెట్టండి. దాని కన్ను గుర్తు నొక్కినప్పుడల్లా బొమ్మ నలుపు తెలుపవుతుంది.

రెండో కారణం నునుపు. పెద్ద మెత్తటి ఎయిర్‌బ్రష్‌తో ముఖమంతా రుద్దారు. దీన్ని చాలామంది స్ఫుమాటో, అంటే అంచులు పొగలా కరిగిపోయేలా వేసే లియొనార్డో పద్ధతి, అనుకుంటారు. పారిస్ లూవ్ర్ మ్యూజియంలోని లియొనార్డో బొమ్మల్ని ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్‌తో పరీక్షించి 2010లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఆ ముఖాల నీడల్లో ఒక్కో పూత మందం 1 నుంచి 2 మైక్రోమీటర్లే (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రోమీటరు). పూతలన్నీ కలిపితే 30 నుంచి 40 మైక్రోమీటర్లు. మన తల వెంట్రుక అంతకన్నా లావు. అంటే ఆయన అంచును రుద్ది చెరపలేదు. ముందు రూపం కట్టుకుని, దాని మీద దాదాపు రంగే లేని పూతలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటూ పోయాడు. పైగా అంతటా మెత్తగా ఉండదు. పెదవి మూల కరుగుతుంది, ఇంకోచోట గీత గట్టిగా నిలుస్తుంది. అంతా మెత్తనైతే అది పొగమంచే.

మీ ముఖాన్ని ఇలా మళ్లీ కట్టండి. కాన్వాస్ తెల్లగా వదలకుండా మధ్యస్థపు గోధుమ రంగుతో నింపండి, తెలుపు మీద ప్రతి నీడా ఉన్నదానికన్నా నల్లగా కనబడి చెయ్యి జంకుతుంది. గీత వేరే లేయర్‌లో ఉండనివ్వండి. కింద గట్టి అంచున్న ఒకే బ్రష్‌తో వెలుగు, మధ్యస్థం, నీడ అని మూడే మెట్లలో ముఖం నింపండి. నీడలో కాస్త ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు వాడండి. చర్మం కింద ఆకుపచ్చ మన్ను పూయమని చెన్నినో చెన్నిని అనే ఇటలీ చిత్రకారుడు 1400 ప్రాంతంలోనే రాశాడు, పైన వేసే ఎరుపుకు ప్రాణం వచ్చేది ఆ ఆకుపచ్చ వల్లే. ఈ దశలో ముఖం చెక్కబొమ్మలా మొరటుగా ఉండాలి. ఇక్కడే నునుపు చేయాలని చెయ్యి దురదపెడుతుంది. వద్దు. రెండు మీటర్ల దూరం నుంచి చూస్తే నాయనమ్మే అనిపించేదాకా ఈ మూడు మెట్లనే సర్దండి.

తర్వాత పూతలు. మల్టిప్లై (కింది రంగును ముదురు చేసే) మోడ్‌లో కొత్త లేయర్, ఒపాసిటీ 10 శాతం, వెచ్చటి గోధుమ ఎరుపు, మెత్తటి బ్రష్. నలుపు మాత్రం ముట్టుకోకండి, చర్మం మీద నలుపు మసిలా కనబడుతుంది. నీడ మొదలయ్యే చోట నుంచి లోపలికి ఒక్కసారి వేసి, ఇంకో లేయర్ తెరవండి. ప్రతి పూత హద్దూ ముందుదానికన్నా కొంచెం లోపలికి జరగాలి. 6 నుంచి 8 పూతలు సరిపోతాయి. గట్టి అంచులు నాలుగు చోట్ల మాత్రం ఉంచండి: మంట అంచు, ప్రమిద అంచు, మంటకు అడ్డంగా ఉన్న చూపుడు వేలు, మనకు దగ్గరగా ఉన్న కంటి పైరెప్ప.

మూడో కారణం ఫైల్‌లో దాగుంది. మీది 8 బిట్ ఫైల్, ఒక్కో రంగుకు 256 మెట్లే. ఉన్న రంగుకూ వేసే రంగుకూ తేడా 12 మెట్లు, బ్రష్ బలం 3 శాతం అనుకోండి. మారాల్సింది 0.36 మెట్టు. అది సున్నాకు గుండ్రమైపోతుంది. బ్రష్ కదులుతుంది, రంగు కదలదు. మీరు విసుగొచ్చి బలం పెంచుతారు, అక్కడ మచ్చ పడుతుంది, దాన్ని మళ్లీ రుద్దుతారు. 'ఎంత నునుపు చేస్తే అంత పాడవుతోంది' అన్నారు చూడండి, అందులో సగం ఇదే. వెనక గోడ మీద చారలూ దీనివల్లే. 40 నుంచి 60 దాకా చీకటి 1000 పిక్సెళ్ల మేర పరిచారు, ఉన్నవి 20 మెట్లు, ఒక్కోటి 50 పిక్సెళ్ల పట్టీ అయి కూర్చుంది. కొత్త ఫైల్ తెరిచేటప్పుడే 16 బిట్ ఎంచుకోండి. ఉన్న ఫైల్‌ను 16కి మారిస్తే ఇకపై వేసేది బాగుంటుంది కానీ పోయిన మెట్లు తిరిగి రావు. బరువు పెరుగుతుందని మాత్రం గుర్తుంచుకోండి. 300 డీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు) ఏ4 అంటే 2480 × 3508 పిక్సెళ్లు. నిండా రంగున్న ఒక్కో లేయర్ 8 బిట్‌లో సుమారు 35 ఎంబీ, 16 బిట్‌లో 70 ఎంబీ. పూతల లేయర్లు నచ్చాక కలిపేస్తూ పోండి.

నీలం గురించి ఒక మాట. ఫ్లోరెన్స్‌లో గిర్లాందాయో అనే చిత్రకారుడికి 1485లో ఒక అనాథాశ్రమం బలిపీఠానికి బొమ్మ పని ఇచ్చినప్పుడు, నీలం అల్ట్రామెరీనే అయి ఉండాలనీ, ఔన్సు సుమారు 4 ఫ్లోరిన్ల (అక్కడి బంగారు నాణేలు) ఖరీదుదై ఉండాలనీ ఒప్పందంలో రాసుకున్నారు. మొత్తం పనికి ముట్టేది 115 ఫ్లోరిన్లు, అందులోనే రంగుల ఖర్చు. ఆ రంగుకు రాయి అఫ్గానిస్తాన్ కొండల నుంచి రావాలి. దాన్ని నూరి, పైన్ చెట్టు బంక, మాస్టిక్ అనే మరో చెట్టు బంక, మైనం కలిపిన ముద్దలో పెట్టి, మూడు రోజులైనా ఉంచి, క్షారపు నీళ్లలో పిసికి నీలాన్ని రాబట్టాలి. అంత ఖరీదైనదాన్ని ఎక్కడ పెట్టాలో చిత్రకారుడు ఆలోచించక తప్పేది కాదు. అందుకే అది మరియమ్మ పైవస్త్రానికి పోయేది, మూలనున్న గుడ్డపేలికకు కాదు. మీకు నీలం ఊరికే వస్తోంది. మీ బొమ్మలో అది గోడకు, చీర అంచుకు, గాజులకు, జుట్టు మెరుపుకు, ఆఖరికి కంటి తెల్లగుడ్డుకు కూడా ఉంది. కన్ను ఎక్కడ ఆగాలో తెలియడం లేదు. టాబ్లెట్ మీదున్న అసలు చిక్కు ఇదే, తేలికవడం కాదు, ఏదీ మీకు అడ్డు చెప్పకపోవడం. అడ్డును మీరే తెచ్చుకోవాలి. తెలుపు, పసుపు మట్టి రంగు, ఎర్రమట్టి, ఆకుపచ్చ మన్ను, నలుపు, ఒక నీలం అని ఆరు రంగుల పలక చేసుకోండి. నీలం బొమ్మలో ఒక్క చోటే అని మాట పెట్టుకోండి. నా ఓటు చీర అంచుకు.

అన్‌డూ కూడా ఇలాంటిదే. ఫ్రెస్కోలో, అంటే తడి సున్నం మీద వేసే గోడ బొమ్మలో, ఆ రోజుకు సరిపడా మేరకే సున్నపు పూత పెట్టేవారు. కొన్ని గంటల్లో పూత గట్టిపడుతుంది, సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని రంగును తనలో బిగించేస్తుంది. తప్పు వస్తే చెరపడం ఉండదు, పూత కొట్టేసి మర్నాడు మళ్లీ పెట్టాలి. కాబట్టి గోడ దగ్గరకు వచ్చే ముందే కాగితం మీద అన్నీ తేల్చుకునేవారు. వారానికి ఒకసారి ఒక గంట, ఒక లేయర్, ఒక బ్రష్, అన్‌డూ లేకుండా వేయండి. క్రిటా సెట్టింగుల్లో అన్‌డూల సంఖ్య 1కి తగ్గించవచ్చు. 0 పెట్టారంటే లెక్కలేనన్ని వస్తాయి, అది గమనించండి.

జూమ్ విషయం పొట్టిగా చెబుతాను. కనురెప్ప వెంట్రుకలు 400 శాతంలో వేశారు, మొత్తం బొమ్మలో అవి మురికిలా ఉన్నాయి. బొమ్మ నుంచి దూరం జరిగి చూస్తుండమని లియొనార్డో చెప్పాడు. అదే ఫైల్‌ను రెండో కిటికీలో 25 శాతానికి తెరిచి పక్కనే ఉంచుకోండి, దూరం జరిగినట్టే.

మీ దగ్గర 140 బ్రష్‌లున్నాయని లేయర్ల పేర్లలో రాసుకున్నారు. వసారి చెప్పిన కథ ఒకటుంది. పోప్ పదో లియో లియొనార్డోకు ఒక బొమ్మ పురమాయిస్తే, ఆయన ముందుగా వార్నిష్ కోసం నూనెలు, మూలికలు మరిగించి సారం తీయడం మొదలుపెట్టాడట. 'ఇతను ఏదీ చేయడు, మొదలుపెట్టకముందే ముగింపు గురించి ఆలోచిస్తున్నాడు' అన్నాడట పోప్. ఈ బొమ్మకు మూడు బ్రష్‌లు చాలు.

మాస్టారితో వాదించకండి. వెనిస్ చిత్రకారుడు టిషియన్ బొమ్మ చూసి వచ్చాక మైకెలాంజెలో, రంగు బాగుంది గానీ వెనిస్‌లో మొదటి నుంచీ గీయడం సరిగా నేర్చుకోకపోవడమే విచారం అన్నాడని వసారే రాశాడు. మీ మాస్టారిది అదే బడి. నెల రోజులు జ్ఞాపకం నుంచి చేతులు గీశాక, ప్రింటు కాకుండా కాగితం మీద బొగ్గుతో ఆయన ముందే ఒక చెయ్యి గీయండి.

చివరగా ఒక తప్పు, మీరూ గమనించలేదు, బహుశా మాస్టారూ చూడలేదు. బొమ్మను అద్దంలో చూసుకోమని లియొనార్డో సలహా. తిరగబడిన బొమ్మ ఇంకొకరు వేసినట్టుంటుంది కాబట్టి తప్పులు తెలుస్తాయన్నాడు. క్రిటాలో ఎమ్ మీట నొక్కితే తెర మాత్రమే తిరగబడుతుంది, ఫైల్ మారదు. మీరు అది కాకుండా ఇమేజ్ మెనూలోని మిర్రర్‌తో ఫైల్‌నే తిప్పి, వెనక్కి తిప్పడం మరిచిపోయి సేవ్ చేసినట్టున్నారు. సిస్టీన్ చాపెల్‌లో వేలాడదీసే బొమ్మల నేత తెరల కోసం చిత్రకారుడు రాఫెల్ 1515, 16ల్లో చేసిన నమూనాలూ తిరగేసే ఉంటాయి, బ్రస్సెల్స్ నేతగాళ్లు వెనకవైపు నుంచి నేసేవారు కాబట్టి. ఆయన కావాలని తిప్పాడు. మీ నాయనమ్మ మాత్రం పమిట కుడి భుజం మీద వేసుకుని, ఎడమ చేత్తో దీపం పట్టుకుని ఉంది.